టెంకాయ కొట్టినోడిదే పాయింటు

నేను బోరు బండ్ల ఏజెంటుగా బతికాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడూళ్ల మధ్య నేను తిరగని బండిబాట లేదు. ఏజెంటు అంటే రైతుకూ రిగ్గు ఓనరుకూ మధ్య నిలబడి మాట కుదిర్చేవాడు. నీళ్లు చూసేవాడు వేరు, బండి నడిపేవాడు వేరు. నా చేతిలో ఉన్నది అడుగుకు ఎంతో చెప్పే నోరు ఒక్కటే.

ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు నా దగ్గరికి వచ్చి "ఏ నేలలో ఎంత లోతు పోవాల మామా?" అని అడుగుతుంటారు. నాలుగు బోర్లు వేయిస్తే అది మీకే తెలుస్తుంది. అడగాల్సింది వేరే ఉంది. ఆ అడుగు రేటు ఎవరు కడతారు? ఎక్కడ కూర్చుని కడతారు? కాదన్నవాణ్ణి ఏం చేస్తారు? ఇది ఎవరూ చెప్పరు. నేను చెబుతాను, కోపంగానే చెబుతాను. ఈ వయసులో కోపం దాచుకుని ఎవరికి ఇచ్చిపోవాలి?

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మా తాతలు మిషన్ దొరల కాలంలో క్రైస్తవులయ్యారు. ఇంట్లో బైబిలు తప్ప పుస్తకం లేదు, తెలుగు దాంట్లోనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు కంప్రెసర్ల మీది అక్షరాల్లో నేర్చుకున్నాను. చట్టం మాత్రం ముసలితనంలో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. అందుకే నా మాటల్లో లాయరు నునుపు ఉండదు. ఇంకొక మాట. ఇందులో నా పేరుతో సహా పేర్లన్నీ మార్చాను. ఎందుకు మార్చానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

పళని నేర్పిన రెండు మాటలు

నాకు పని నేర్పింది పళని. సేలం అవతల ఎక్కడినుంచో రిగ్గు తోలుకొచ్చి జమ్మలమడుగులో మకాం పెట్టిన మనిషి. నేను అతనికి ఊళ్లు చూపించేవాణ్ణి. ఓబులేసు అని ఒక బలమైన కుర్రాడు రాడ్లు ఎత్తేవాడు. పళనిది వచ్చీరాని తెలుగు. అయినా రేటు మాత్రం పొలంలోనే, బోరు వేసే పాయింటు దగ్గరే నిలబడి, ఇంటి ఆడవాళ్లు వింటుండగా చెప్పేవాడు. మగవాళ్లు మరిచిపోతారు, ఆడవాళ్లు మరవరు అనేవాడు.

ఒకసారి పైమట్టి దాటగానే ఇనుములాంటి రాయి తగిలింది. బండి డీజిల్ తాగుతోంది, బోరు దిగడం లేదు. ఓబులేసు పళని చెవి దగ్గరికి పోయి "రాయి గట్టిగుండాదని చెప్పి రేటు పెంచుదామా అన్నా?" అన్నాడు. పళని కంప్రెసర్ మోతను మించి అరిచాడు. "రాయి ఉంటుందని నీకు తెలుసు, నాకు తెలుసు. రైతుకు తెలీదు. తెలిసినవాడే నష్టం పడాల!"

అది మొదటి మాట. రెండోది ఇంకా చిన్నది. దుమ్ములో తడి తగిలినాక బోరు నిలిపి పోయేవాడు మనిషి కాదు. ఆ బోరు ఎవరిదైనా సరే, బండి ఎవరిదైనా సరే.

అప్పటికే మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. మాట కుదిరాక పాయింటు మీద టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఒక చెక్కను అక్కడే రాళ్ల మధ్య వదిలేస్తారు. ఆ చెక్క కనిపించిందంటే ఇంకో ఏజెంటు ఆ పొలంలో కాలు పెట్టడు. టెంకాయ కొట్టినోడిదే పాయింటు. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి రైతు చేత కొట్టించేవాణ్ణి. కట్టు మాత్రం నేనూ పాటించాను. దాన్ని చెడ్డదని అనను. ఒకే పొలానికి రెండు బండ్లు వచ్చి రైతు ముందు కొట్టుకోకుండా ఆపింది. కానీ టెంకాయ కొట్టినవాడే మాట తప్పితే రైతు ఏం చేయాలో ఆ ఆచారంలో లేదు. ఆ సందులోంచే పాము దూరింది.

ఫ్లెక్సీ

ప్రొద్దుటూరులో సుబ్బరాయుడని ఒకాయనకు రిగ్గు సామాన్ల కొట్టు ఉంది. బిట్లు, హామర్లు అమ్ముతాడు. బిట్టు అంటే రాడ్ల కొసన ఉండి రాయిని కొరికే ఉక్కు ముక్క, దాన్ని వెనకనుంచి గుద్దేది హామరు. బిట్టు మొహాన ఉండే గట్టి గుండ్లు, మేం బటన్లంటాం, అరిగిపోతే రిగ్గు పళ్లూడిన ముసలోడితో సమానం. సుబ్బరాయుడికి ఒక్క రిగ్గు కూడా లేదు. కానీ ఈ చుట్టుపక్కల రిగ్గులన్నీ అతని బిట్ల మీదే నడుస్తాయి.

డీజిలు మండిపోతోందని చెప్పి ఓనర్లంతా ఒకరోజు అతని కొట్టు పైన మేడలో కూర్చున్నారు. కిందికి దిగేసరికి మూడు కట్టుబాట్లు తయారు. కొత్త రేటుకు తక్కువ ఎవరూ వేయకూడదు. రైతులు ఒప్పుకునేదాకా బండ్లన్నీ షెడ్డులోనే ఉండాలి. టెంకాయ ఉన్న పొలంలో ఇంకొకరు దిగకూడదు. తప్పినవాడికి బిట్టు పుట్టదు. వాట్సాప్ గ్రూపులో ఈ మాట పెట్టినదీ సుబ్బరాయుడే, ఎవడు తప్పాడో ఆరా తీసేదీ అతనే.

లోకంలో దొంగలు గోడ దూకుతారు. మావాళ్లు మేళం పెట్టుకుని పోయారు. పులివెందులలో నలుగురూ చూసే చోట ఫ్లెక్సీ కట్టారు. పైన వినాయకుడు, నడుమ కొత్త అడుగు రేటు, చుట్టూ నల్లద్దాలు పెట్టుకున్న ఓనర్ల ఫొటోలు, కింద "ఐకమత్యంతో సాధించాం. రైతు సోదరులకు శుభాకాంక్షలు". అందరికంటే పెద్ద ఫొటో ఓబులేసుది. పళని దగ్గర రాడ్లు ఎత్తిన ఓబులేసే. ఇప్పుడు నాలుగు బండ్ల ఓనరు, సంఘానికి అధ్యక్షుడు.

ఆ ఫ్లెక్సీని ఫోనులో ఫొటో తీసుకుని నేను నేరుగా ప్రొద్దుటూరు కొట్టుకు పోయాను.

"ఏందప్పా సుబ్బరాయుడూ, తప్పు చేసినామని ఊరంతటికీ బోర్డు కట్టి చెప్తాండారు?"

"తప్పేంది యోహానప్పా? సంఘం పెట్టుకునేది తప్పా?"

"సంఘం తప్పు గాదు. ఒకనితో ఒకడు పోటీ పడాల్సినోళ్లు ఒక్కటై రేటు కట్టేది తప్పు. దానికి చట్టం ఉండాది."

"ఆ చట్టం సిమెంటోళ్లకు, ఇమానాలోళ్లకు. గుంత తవ్వుకునేటోళ్లకు గూడానా?"

"గుంతకు గూడా."

"ఉంటే ఉండనీ. నాకు బండే ల్యా. బిట్లమ్ముకునేటోన్ని. రేటుతో నాకేం పని?" అని నవ్వి, ఎదురు హోటలు వైపు తిరిగి కేక వేశాడు. "అబ్బీ, ఈడ లాయరప్పకొక టీ!"

ఆ టీ నేను తాగలేదు. అతనికి చెప్పినదే ఇక్కడ రాస్తాను, శ్రద్ధగా చదవండి. పోటీదారులు కుమ్మక్కై ధర కట్టినా, సరుకో పనో ఆపినా, ఊళ్లు పంచుకున్నా, అది జనానికి చేటు చేసిందనే కాంపిటీషన్ చట్టం, అంటే పోటీని కాపాడే చట్టం, ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవలసింది వాళ్లే. మేడలో మావాళ్లు ఒక్కటి కాదు, ఆ మూడూ చేశారు. సుబ్బరాయుడిలాంటివాళ్లు ఇన్నాళ్లూ "నేను ఆ వ్యాపారంలోనే లేను" అని తప్పుకోజూసేవారు. ఈమధ్య చట్టాన్ని సవరించి ఆ సందు మూశారు. బండి చక్రంలో కుండలాగా మధ్యలో కూర్చుని చుట్టూ ఉన్న ఆకుల్ని పట్టి ఉంచేవాడు వేరే వ్యాపారంలో ఉన్నా సరే, ఆ కుమ్మక్కులో పాలు పంచుకుంటే వాడూ ముద్దాయే. ఇదంతా చెబితే సుబ్బరాయుడు "సవరించినారా? ఎవురిని అడిగి?" అన్నాడు.

మేక

ఇక అసలు సంగతి. లింగాల దగ్గర గంగులయ్య, లక్షుమ్మ అని మొగుడూ పెళ్లాలు. తాతముత్తాతల నుంచి గొర్రెలు మేపిన కుటుంబం. మందను అమ్మి చీనీ తోట పెట్టారు, బయటివాళ్లు బత్తాయి అంటారు. చెట్లు పెరిగి తొలి కాపుకు వచ్చిన ఏడాదే పాత బోరు ఎండిపోయింది. ఓబులేసు వచ్చి పాత రేటుకే వేస్తానని మాటిచ్చి, టెంకాయ కొట్టి పోయాడు. ఆ వారంలోనే మేడ మీద కట్టుబాటు జరిగింది. ఓబులేసు బండి రాలేదు. ఫోను చేస్తే "రేటు మారింది, ఒప్పుకుంటే వస్తా" అన్నాడు. ఆ రేటు వాళ్ల శక్తికి మించినది. ఇంకో బండిని పిలిస్తే టెంకాయ ఉందని ఎవరూ రాలేదు.

వాళ్లు పిలిస్తే నేను పోయి చూశాను. పట్టపగలు తోటలో ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. పిందెలు వేలితో తాకితే రాలిపోతున్నాయి. చీనీ చెట్టు ఒక్క కాపు పోగొట్టుకుంటే తట్టుకుంటుంది. వేరు ఎండితే చెట్టే పోతుంది.  లక్షుమ్మే అడిగింది.

"యోహానన్నా, ఢిల్లీకి అర్జీ పెట్టొచ్చంట గదా. నువ్వు రాస్తావంట."

"రాస్తామ్మా. కడపలో ఒక లాయరమ్మ సాయం చేస్తానంది. కానీ ఢిల్లీలో ఇట్లాంటి కుమ్మక్కులు చూసే కాంపిటీషన్ కమిషన్ ఉండాది, అది చూసి, విచారణ చేయించి, తీర్పు చెప్పేదానికి శానా కాలం పడుతుంది."

"మరి చెట్లు అంతదాకా ఉగ్గబట్టుకోని ఉంటాయా?"

 నేను చదివిన ఏ పేజీలోనూ చెట్ల మాట లేదు. చట్టాన్ని నమ్మమని మీకు చెబుతూనే ఈ మాట కూడా చెబుతున్నాను. ఆకలిగొన్నవాడి దగ్గరికి చట్టం నడిచి వస్తుంది, పరుగెత్తి రాదు.

పులివెందులలో రఫీ అని ఒకే ఒక్క బండి ఉన్న ఓనరు ఉన్నాడు. సంఘంలో ఉన్నాడు గానీ ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకోలేదు. నేను సంగతి చెప్పగానే అన్నాడు, "షెడ్డులో బండి తుప్పు పడతాండాది మామా. ఆడ చెట్లు ఎండిపోతాండాయి. ఇద్దరం సచ్చేదానికన్నా పోదాం పా. కానీ నా బిట్టు అరిగిపోయిండాది. కొత్తది అడిగితే సుబ్బరాయప్ప లేదన్యాడు. బీరువా నిండా ఉండాయి, నా కండ్లతో చూసినా."

అరిగిన బిట్టుతోనే బయలుదేరాం.

బండి తోటలోకి మలుపు తిరిగే చోట ఓబులేసు జీపు అడ్డంగా నిలబడి ఉంది. అటూ ఇటూ మోటారు సైకిళ్ల మీద అతని మనుషులు. ఓబులేసు జీపు దిగి రిగ్గు ముందుకు వచ్చాడు.

"రేయ్ రఫీ, బండి తిప్పు. పాయింటు నాది. టెంకాయ కొట్టిండా."

రఫీ బ్రేకు మీద కాలు తీయలేదు. నేను దిగి ఫోను తీశాను. "ఓబులేసూ, మీ ఫ్లెక్సీ ఇందులో ఉండాది. దీన్ని కమిషన్‌కు పంపిస్తే ఏమైతాదో తెలుసునా నీకు?"

"పంపించుకో అన్నా. ఢిల్లీ నుంచి ఎవడన్నా వచ్చేలోపల ఈ చెట్లు పొయ్యిలోకి పనికొస్తాయి."

నిజమే చెప్పాడు. అందుకే నాకు ఒళ్లు మండింది. ఇంతలో లక్షుమ్మ గట్టు దాటి వచ్చింది.

"ఏం ఓబులేసప్పా, యాడుండాది నీ టెంకాయ?"

"పాయింటు కాడ. రాళ్ల నడుమ పెట్టిండా గదా."

"అదా? మా మేక తినె. కావాలంటే మేకను అడుగు, పాయింటు యాడుందో చూపిస్తాది."

రఫీ క్లీనరు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఓబులేసు మనుషుల్లో కూడా ఒకడు నవ్వాడు. ఓబులేసు నవ్వలేదు.

"తమాషా కాదమ్మా. కట్టు ఉండాది."

"సరే, నీ బండే తెచ్చి ఎయ్యి. నువ్వు చెప్పిన రేటుకే. నువ్వు చెప్పినప్పుడు నేనీడనే నిలబడుకోనుంటి."

ఓబులేసు తల దించుకున్నాడు. "పాత రేటుకు ఏస్తే నాకూ బిట్టు ఇయ్యరు."

"అంటే నువ్వు ఎయ్యవు, ఇంకొకన్ని ఎయ్యనీవు. గడ్డివామి కాడ కుక్క మాదిరిగా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కొట్టబోతాడనే అనుకున్నాను. కానీ అతను ఫోను తీసి సుబ్బరాయుడికి చేసి, అందరూ వినేటట్టు స్పీకరు పెట్టాడు. సుబ్బరాయుడి గొంతు తాపీగా వచ్చింది. "వాన్ని ఆపొద్దు ఓబులేసూ. ఎయ్యనీ. వానికాడ ఉండేది బోడి బిట్టు. నడిమద్దెలో నిలబడిపోతే వాడే ఏడ్చుకుంటా ఇంటికి పోతాడు. అది చూసినాక ఇంకొకడు కట్టు తప్పడు."

ఓబులేసు జీపు పక్కకు తీయించాడు. గట్టు మీద ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు.

తడి

రఫీ మాస్టు అనే పొడుగు స్తంభం లేపి బండి ఆన్ చేశాడు. తెల్ల దుమ్ము లేచింది. మొదటి రాడ్లు బాగానే దిగాయి. తర్వాత రాయి వచ్చింది. బండి ఊగిపోతోంది, రాడ్డు మాత్రం గోరంత గోరంత దిగుతోంది. గంగులయ్య రాలిన పిందెలు ఒక్కొక్కటే ఏరి తువ్వాల్లో వేసుకుంటున్నాడు. ఎందుకో ఆయనకే తెలియదు. పాత బోరు లోతు దాటింది. ఇంకా పొడి దుమ్మే. నేను ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మరిచిపోయాను.

పొద్దు వాలుతుండగా దుమ్ము రంగు మారింది. లేచే దుమ్ము లేవకుండా ముద్దలుగా పడడం మొదలైంది. లక్షుమ్మ పరుగెత్తి ఒక ముద్ద పిడికిట్లోకి తీసుకుంది. తడి.

సరిగ్గా అప్పుడే హామరు చప్పుడు మెత్తబడింది. నేను కనిపెట్టలేదు. రఫీ కూడా కనిపెట్టలేదు. గట్టు మీద నుంచి ఓబులేసు లేచి అరిచాడు.

"రేయ్, నిలుపు! లాగు పైకి! బటన్లు రాలిపోతాండాయి, వినపల్యా?"

రాడ్లన్నీ పైకి లాగారు. బిట్టు మీద ఒక్క బటను మిగల్లేదు. ఇంకొంచెం తిప్పి ఉంటే హామరు కూడా లోపలే ఇరుక్కుపోయేది. రఫీ ఆ బిట్టును చేతిలో పట్టుకుని నా మొహం చూశాడు. కింద తడి ఉంది, పైన బిట్టు లేదు. సుబ్బరాయుడు చెప్పినట్టే జరిగింది.

లక్షుమ్మ ఈసారి తిట్టలేదు. నడిచి పోయి, పిడికిలి విప్పి, ఆ తడి ముద్దను ఓబులేసు మొహం ముందు పట్టుకుంది. అతను దాన్ని చూశాడు. వేలితో తాకాడు.  తర్వాత జీపు దగ్గరికి పోయి, వెనక సీటు కింది నుంచి గోనెపట్టాలో చుట్టిన బిట్టు తీసుకొచ్చి రఫీ కాళ్ల దగ్గర వేశాడు.

"ఇది నేనిచ్చింది కాదు. గ్రూపులో అడిగితే నువ్వు ఎత్తుకోని పోయినావని చెప్తా."

"దొంగ అనే చెప్పు మామా," అన్నాడు రఫీ, అప్పటికే బిట్టు బిగిస్తూ.

ఓబులేసు నా పక్కగా పోతూ గొణిగాడు. "పళనన్న బతికుంటే ఈ పొద్దు నన్ను చెప్పుతో కొట్టుండు."

నీళ్లు ఎగజిమ్మలేదు. ఇంచు పైపు నిండా పారేన్ని నీళ్లు పడ్డాయి. డ్రిప్పుకు చాలు. పైవరస చెట్లు కొన్ని చచ్చాయి. మిగిలినవి తేరుకున్నాయి.

ఎవరు ముందు

ఈ కథను ఇక్కడ ఆపితే మీరు మంచి మనసు గెలిచిందని చప్పట్లు కొడతారు. కొట్టకండి. ఒక తోటకు నీళ్లు రావడానికి ఒక మనిషి మనసు మారాల్సి వస్తే, మనసు మారని చోట్ల ఎన్ని తోటలు ఎండాయి? రఫీని గ్రూపు నుంచి తీసేశారు. ఇప్పటికీ బిట్టు కోసం అనంతపురం పోతాడు. అందుకే గంగులయ్య పేరు మీద, లాయరమ్మ సాయంతో, నేను కమిషన్‌కు ఫిర్యాదు రాశాను. ఫ్లెక్సీ ఫొటో జతచేశాను. స్పీకరులో విన్న మాటలు కూడా రాశాను. కమిషన్ ఇంకా ఏదీ తేల్చలేదు. తేల్చేదాకా వాళ్లు తప్పు చేసినట్టు కాదు అంటుంది లాయరమ్మ. సరే, అందుకే పేర్లు మార్చి, నేను చూసింది నేను చెప్పాను.

పోయిన నెల ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. చేతిలో సంచి. లింగాల మీదుగా వస్తుంటే లక్షుమ్మ ఆపి, నాకిమ్మని చీనీ కాయలు ఇచ్చిందట.

"మేక బాగుండాదని చెప్పమనింది," అన్నాడు మొహం మాడ్చుకుని. కూర్చున్నాక అసలు మాట తీశాడు. "అన్నా, ఢిల్లీ నుంచి నోటీసు వస్తే నా గతేంది? ఏదో ఒకటి కట్టి రాజీ చేసుకోవచ్చునా?"

"నేను మీ మీద ఫిర్యాదు రాసినోన్ని ఓబులేసూ. నన్నడుగుతాండావా?"

"తిట్టేటోడు అబద్ధం చెప్పడని నిన్నడుగుతాండా."

ఉన్నది చెప్పాను. కొన్ని రకాల కేసుల్లో రాజీ చేసుకునే దారి ఈమధ్య తెచ్చారు. కుమ్మక్కై రేటు కట్టినవాళ్లకు ఆ దారి లేదు. వాళ్లకున్నది ఒక్కటే సందు. ఎవరూ చెప్పనిది, కమిషన్ దగ్గర ఇంకా లేనిది, దాచుకోకుండా ముందుగా పోయి చెప్పినవాడికి జరిమానా బాగా తగ్గవచ్చు, మొత్తం కూడా పోవచ్చు. రెండోవాడికి అంత తగ్గదు. ఆ తర్వాతివాడికి ఇంకా తక్కువ. మేడ మీద ఏం మాట్లాడుకున్నారు, గ్రూపులో ఎవరు ఎవరిని బెదిరించారు అన్నది ఇంకా వాళ్ల ఫోనుల్లోనే ఉంది. మంచి లాయరును పట్టుకుని పొమ్మన్నాను.

ఓబులేసు కాయల సంచి నా ముందుకు తోశాడు. "పద్దెనిమిది మంది ఒకే ఫ్లెక్సీ మీద ఉంటిమి," అన్నాడు. "ఐకమత్యం అని రాయించింది నేనే."

లేచి బయటికి పోయి మోటారు సైకిలు ఎక్కాడు. నేను సంచిలోంచి ఒక కాయ తీసి వాసన చూస్తున్నాను. ఫోను మోగితే, ముసలి చెవులకని స్పీకరు పెట్టి ఎత్తాను. సుబ్బరాయుడు. ఆనాడు టీ కోసం వేసిన కేక లేదు గొంతులో, గుసగుసగా ఉంది.

"యోహానప్పా, ముందు పోయి చెప్పినోనికి తగ్గిస్తారంట గదా? ఇంకొకటి. మోటార్ల కొట్లోళ్లు గూడా ఇట్లనే రేటు కట్టుకోనుండారు, దాంట్లోనూ నేనుండా. అది గూడా చెప్తే మనకు ఇంకొంచెం తగ్గుతాదంట, నిజమేనా?"

నిజమే. ఒక కుమ్మక్కు గురించి చెప్పినవాడు తాను కలిసిన రెండోదాని గురించి కూడా చెబితే ఇంకా తగ్గించే ఏర్పాటు కొత్తగా వచ్చింది. నాకంటే శ్రద్ధగా చదివినట్టున్నాడు. నేను ఓబులేసు వైపు చూశాను. అతనికి ఏ మాట వినపడిందో గానీ, ఎవరి గొంతో మాత్రం తెలిసింది. కిక్కు కొట్టి, దుమ్ము లేపుకుంటూ, లాయర్లుండే కడప రోడ్డు పట్టాడు.

"నిజమేనప్పా సుబ్బరాయుడూ," అన్నాను. "కానీ ఆ పాయింటులో ఇప్పుడే ఎవరో టెంకాయ కొట్టేదానికి పోతాండారు."